నాలుగో ముక్కలో తొమ్మిది

మార్చి 30, సోమవారం

మందులు ఎనిమిది రకాలు. పొద్దున నాలుగు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మూడు. గళ్ళ కాగితం మీద పట్టిక గీసి మంచం పక్క గోడకి అంటించాను. వేసిన ప్రతి మాత్రకీ ఒక టిక్కు. మా ఆయన చూసి, "ఇదేంటోయ్, నన్ను కూడా నీ పురుగుల పద్దులో కలిపేశావా?" అన్నారు. నవ్వితే కుట్లు లాగుతాయని దిండు ఛాతీకి అదుముకుని మరీ నవ్వారు.

సీతాకోకచిలుకల్ని ఆయన పురుగులనే అంటారు. ఈ నోటుబుక్కు ముందు వైపంతా వాటి లెక్కలే. కాగితం దండగెందుకని వెనక వైపు నుంచి ఇది మొదలుపెట్టాను. ముందు వైపే ఎవరూ చూడరు, ఇక వెనక వైపు ఎవరు చూస్తారు?

జరిగింది వరసగా రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

మార్చి 19, గురువారం. మధ్యాహ్నం ఆయనకి గుండె నొప్పి వచ్చింది. నాకు ఆరుసార్లు ఫోన్ చేశారు. నేను బజారులో ఉన్నాను. ఫోన్ సంచి అడుగున ఉంది. గోలలో వినపడలేదు. కింది వాటా టాక్సీ డ్రైవరు తన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇరవై ఒకటిన ఆపరేషన్. నిన్న ఇంటికి తెచ్చాం.

అంతే. వరసగా రాస్తే చాలా తక్కువే ఉంది.

ఏప్రిల్ 1, బుధవారం

మంచం తలాపున ఆయన సైకిలు గంట బిగించుకున్నారు. స్క్రూడ్రైవరు అందించడమే నా పని. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన చెయ్యి, ఊరుకోదు. ఒకసారి మోగిస్తే నీళ్ళు, రెండుసార్లయితే రావాలి, మూడుసార్లయితే పరుగెత్తుకు రావాలి.

ఇవాళ ఒకటి: నాలుగు సార్లు. రెండు: పదకొండు సార్లు. మూడు: లేదు.

ఏప్రిల్ 2, గురువారం

పది గంటలకి మాస్టారు ఫోన్ చేశారు. సైన్సు మాస్టారుగా చేసి విరమించారు, మా ఊరి సీతాకోకచిలుకల లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి.

"అమ్మా, ఎండ దివ్యంగా ఉంది. గాలి లేదు. బయల్దేరావా?"

"చెప్పులేసుకుంటున్నాను మాస్టారూ."

"పోయిన వారం వానొచ్చింది కాబట్టి దాన్ని వానలో రాసేశాను. అది తప్పిన వారం కిందికి రాదు. ఇక నుంచి మాత్రం ఒక్కటి కూడా పోనివ్వకు. వసంతంలో మూడు వారాలు తప్పితే ఆ ఏడాది లెక్క చెల్లదు. లెక్క చెల్లకపోతే ఆ ఇంజనీరు గడ్డి కోత బండి తోలుకుని వచ్చేస్తాడు."

"తెలుసు మాస్టారూ."

తెలియకేం? నీళ్ళ పంపుల వెనక గట్టు అది. పన్నెండు వందల అడుగులు, ఏడు ముక్కలు. ప్రతి గురువారం పదకొండు, మూడు గంటల మధ్యలో ఒకే నడకన నడవాలి. ఇటు ఐదడుగులు, అటు ఐదడుగులు, ముందు ఐదడుగులు. అందులో కనపడినవే లెక్క. ఆరో అడుగులో బంగారు సీతాకోకచిలుక వాలినా అది మనది కాదు. మూడో వసంతం నాకిది. లెక్క పూర్తిగా వచ్చినన్నాళ్ళూ వేసవి ముగిసేదాకా గట్టు మీద గడ్డి కోయబోమని పంపుల ఇంజనీరు చేత మాస్టారు రాయించుకున్నారు.

మంచం మీద ఆయన్ని ఒక్కర్నే వదిలి ఎలా వెళ్ళను?

మాస్టారికి ఆపరేషను సంగతి చెప్పొచ్చు. చెబితే పరామర్శకి వస్తారు. వచ్చి మంచం పక్కన కూర్చుని, ఎప్పుడు జరిగిందని అడుగుతారు.

వంటింటి కిటికీ బయట థర్మామీటరు తగిలించాను. పంతొమ్మిది డిగ్రీలు. మబ్బు పదింట రెండు పాళ్ళు. ఈ రెండూ నిజంగా చూసి రాశాను. మిగతావి పోయినేడు ఇదే వారం పేజీ తీసి, ఒకచోట ఒకటి తగ్గించి, ఇంకోచోట ఒకటి కలిపి రాశాను. నారింజ అంచు సీతాకోకచిలుకలు మొత్తం పద్నాలుగు.

నేనే వెళ్ళి ఉన్నా దాదాపు ఇంతే ఉండేవి.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఆయనకి ఉప్పు లేని కూర వండుతూ మనసులోనే గట్టంతా ఒకసారి నడిచి వచ్చాను. మొదటి ముక్క పంపుల గోడ వెంట, ఎప్పుడూ నీడే, అక్కడ ఏమీ ఉండవు. రెండోది ముళ్ళ పొదలు. మూడో దాంట్లో విరిగిన సిమెంటు బల్ల. నాలుగోది తడి నేల, మోకాలెత్తున లేత ఊదా పూల మొక్కలు. నారింజ అంచుల కాపురమంతా అక్కడే. అయిదు, ఆరు, ఏడు. వెనక్కి.

కూర మాడింది.

ఏప్రిల్ 5, ఆదివారం

వదిన వచ్చింది. ఆయనకి అక్క. బట్టలు కుట్టే కొట్టు ఉంది, ఆదివారం ఒక్కరోజే తీరిక. మూడంతస్తులెక్కి ఆయాసపడుతూ గడపలోనే మొదలుపెట్టింది.

"ఊళ్ళో లిఫ్టులన్నీ వీడే బాగుచేశాడు. కొంప మాత్రం లిఫ్టు లేని చోట తీసుకున్నాడు. వడ్రంగి ఇంట్లో విరిగిన పీట అన్నట్టు."

"అద్దె తక్కువక్కా," అన్నారాయన లోపలి నుంచి.

"గుండె ఖరీదు కలిపి చూసుకో, ఎక్కువో తక్కువో తెలుస్తుంది." తర్వాత నా వంక తిరిగింది. "నీ మొహమేంటి మరదలా, అలా పాలిపోయింది? బయటికెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"కుదరట్లేదు వదినా."

"ఎందుకు కుదరదు? గురువారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి నేనొస్తా. నువ్వు ఆ కెమెరా మెళ్ళో వేసుకుని నీ పురుగుల వెంట పో. గుడ్ల మీద కోడిలా ఇంట్లో పొదుగుతూ కూర్చుంటే నీకూ మంచం పరచాల్సి వస్తుంది."

వద్దన్నాను. కొట్టు కట్టేస్తే నీ గిరాకీ పోతుందన్నాను. ఆ సమయంలోనే ఆయనకి మాత్ర వేయాలన్నాను. మాత్ర రెండు గంటలకి. నడకకి పట్టేది గంటంపావు.

వదిన నన్ను కాసేపు చూసింది. "నీ ఇష్టం తల్లీ."

ఏప్రిల్ 9, గురువారం

ఇరవై ఒక్క డిగ్రీలు. మబ్బు లేదు. నారింజ అంచులు పద్దెనిమిది, పసుపు రెక్కలు మూడు, నీలివి ఆరు. పంపించాను.

ఎండ చూడలేకపోయాను. కిటికీ తెర వేశాను. "తెర తియ్యవోయ్, చీకటిగా ఉంది," అన్నారాయన. తీశాను.

ఏప్రిల్ 12, ఆదివారం

బజారులో లేను.

ఈ పుస్తకంలో కూడా అబద్ధమెందుకు? ఎవరికి పద్దు చూపించాలి?

పంతొమ్మిదిన నేను గట్టు మీద ఉన్నాను. నాలుగో ముక్కలో, తడి నేల మీద మోకాళ్ళూని. అప్పటిదాకా తెగ ఎగిరిన ఆడ నారింజ అంచు ఒకటి నా ముందు వాలింది. ఆడదానికి నారింజ రంగుండదు. మామూలు తెల్లవాటితో కలిసిపోతుంది, చాలామంది దాన్ని ఆనవాలు పట్టలేరు. రెక్కలు మూస్తే అడుగు వైపు నాచు పట్టిన రాతిలా ఆకుపచ్చ మరకలుంటాయి, అదే గుర్తు. అది పూల గుత్తి చుట్టూ తిరిగింది. ఇంకో ఆడది ముందే గుడ్డు పెట్టి పోయిందేమోనని కాళ్ళతో తడిమి చూస్తుంది. ఉంటే పెట్టదు. ఒక గుత్తికి ఒకటే గుడ్డు.

అది గుడ్డు పెడుతుండగా తీసిన ఫోటో మూడేళ్ళుగా నా దగ్గర లేదు. మనిషి నీడ పడితే లేచిపోతుంది. అందుకని ఎండకి ఎదురుగా జరిగి, మోచేతులు నేలకానించి, ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఫోన్ సంచిలోనే ఉంది, నిజమే. కాని మోగకుండా చేసి పెట్టాను. గట్టు ఎక్కే ముందు ఎప్పుడూ అలాగే చేస్తాను. మోగితే సీతాకోకచిలుక బెదురుతుందని.

నలభై ఒక్క ఫోటోలు తీశాను. అది గుడ్డు పెట్టింది. గసగసాల గింజంత, తెల్లగా. ఎంత సంతోషించానో రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇంటికి వస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద ఆయన చెప్పు ఒకటే ఉంది.

ఆసుపత్రిలో వదిన అడిగింది, ఎక్కడికెళ్ళావని. బజారుకని నోటికి వచ్చేసింది. అది ఎవరిదో మాటలా బయటపడింది. ఆయన గాజు తలుపు అవతల ఉన్నారు. తర్వాత ఆయన కూడా, "మా ఆవిడ బజారుకి వెళ్ళింది, ఫోను వినపడలేదు," అని అందరికీ చెప్పారు. నన్ను వెనకేసుకొచ్చారు.

కెమెరాలో కార్డు అలాగే ఉంది. తీసి చూడలేదు.

ఏప్రిల్ 16, గురువారం

ఇరవై డిగ్రీలు. పదహారు. పంపించాను. పది నిమిషాలు పట్టలేదు.

ఏప్రిల్ 18, శనివారం

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మెల్లగా మొదటి అంతస్తు దాకా దిగాను. వీధి తలుపులోంచి ఎండ పలకలా పడి ఉంది. నిలబడ్డాను. పైన గంట మోగింది, రెండుసార్లు. నాకు మూడుసార్లు మోగినట్టు వినపడింది. పరుగెత్తాను.

"ఎక్కడికి పోయావ్?"

"చెత్త పారేయడానికి."

"బుట్ట ఇక్కడే ఉందిగా?"

ఉంది. నిండా చెత్తతో.

ఏప్రిల్ 20, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల ఆయన ఒక్కరే ఉన్నారు, నేను పరీక్షల కాగితాల కోసం బయట కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చారు.

"ఏమన్నారు?"

"బాగానే ఉందన్నాడు. ఇంకో నెల జాగ్రత్తగా ఉండాలట. ఒంటరిగా వదలొద్దన్నాడు."

మే 20 దాకా. అప్పటికి నారింజ అంచులు అయిపోతాయి. ఏడాదికి ఒకటే తరం. పట్టికలో ఇంకో నెలకి గళ్ళు గీశాను.

ఏప్రిల్ 23, గురువారం

ఇరవై రెండు డిగ్రీలు, మబ్బు మూడు పాళ్ళు. పోయినేడు ఈ వారం నాలుగో ముక్కలో ఎనిమిది. ఈసారి ఎండలు బాగున్నాయి కనక తొమ్మిది రాశాను.

ఏప్రిల్ 27, సోమవారం

మాస్టారు ఫోన్. పలకరింపు లేదు.

"అమ్మా, గురువారం నాలుగో ముక్కలో తొమ్మిది చూశావా?"

"చూశాను మాస్టారూ."

"నారింజ అంచులే?"

"అవును."

"నువ్వు రాశావంటే నాకు అనుమానం లేదనుకో. కానీ మంగళవారం కోత బండివాడు పొరపాటున నాలుగో ముక్క మొత్తం గొరిగేశాడు. బుధవారం నేను వెళ్ళి చూశా. ఒక్క పువ్వు లేదు. గుండు చేసినట్టుంది."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

"ఇంజనీరు మీదికి అగ్గి మీద గుగ్గిలంలా లేచాను. పరిహారంగా మిగతా ఆరు ముక్కలకీ కంచె వేయమన్నా. వాడేం చేశాడో తెలుసా? నీ కాగితం తీసి నా ముందు పెట్టాడు. 'కోసిన రెండు రోజులకి మీ మనిషే తొమ్మిది చూసిందండీ. పోయినేటి కంటే ఒకటి ఎక్కువే. కోస్తే వీటికి నష్టమేం లేదని మీ లెక్కే చెబుతోంది కదా,' అన్నాడు. సోమవారం, నాలుగో తారీకున, మిగతా గట్టంతా కోయిస్తాడట."

నోటుబుక్కు తీసి ఆ గురువారం పేజీ తిప్పాను.

"నాకే అంతుపట్టట్లేదమ్మా. మోడు మీద తొమ్మిది ఎలా వాలాయి? ఏదైనా ఫోటో తీశావా?"

"లేదు మాస్టారూ."

"నువ్వు ఫోటో తీయకపోవడమా!"

గంట రెండుసార్లు మోగింది. ఆయన పిలుస్తున్నారని చెప్పి పెట్టేశాను. దొంగకి తేలు కుట్టిందంటే ఏమిటో ఇవాళ తెలిసింది.

ఏప్రిల్ 28, మంగళవారం

ఏమీ చేయలేదు. అలమారలో డబ్బాలన్నీ దించి తుడిచాను.

ఏప్రిల్ 29, బుధవారం

ఇప్పుడు గుడ్లు పగిలి ఉంటాయి. పచ్చని సన్న పురుగులు, అచ్చం కాయల్లా, కాయల పక్కనే అంటిపెట్టుకుని. కోత బండికి కాయా ఒకటే, పురుగూ ఒకటే. ఏడాదికి ఒకటే తరం. ఈసారి పోతే వచ్చే వసంతానికి గట్టు మీద నారింజ అంచు ఉండదు.

ఆ తొమ్మిదీ నేను కాగితం మీద పుట్టించినవి. అవి ఉన్నవాటిని తినేస్తున్నాయి.

మాస్టారికి చెబితే? ఒక్క వారం తప్పని చెబుతాను. నాలుగూ చెప్పక్కర్లేదు. అప్పుడు తప్పిన వారం ఒకటే అవుతుంది.

ఇలా లెక్క వేస్తున్నది నేనేనా?

ఏప్రిల్ 30, గురువారం

చెప్పాను. నాలుగూ చెప్పాను.

స్నానాల గది తలుపు వేసుకుని, కుళాయి తిప్పి మాస్టారితో మాట్లాడాను.

"నాలుగు వారాలూ గట్టు మీద కాలు పెట్టలేదా?"

"లేదు."

"మరి పోయిన రెండేళ్ళూ?"

"అవి నిజం మాస్టారూ."

"ఎలా నమ్మమంటావు? నేను నమ్ముతాను. ఆ ఇంజనీరుని ఎలా నమ్మించను? నాలుగు వారాలు కూర్చుని అల్లిన మనిషి ఎనభై వారాలు అల్లలేదా అంటాడు. నీ లెక్క మొత్తం కొట్టేస్తే ఇక గట్టుకి ఆధారమేముంది?"

కుళాయి పారుతూనే ఉంది. మూడేళ్ళ పుస్తకం. ఒక్క కొట్టివేత లేని పుస్తకం. ఒకరి బదులు సంతకం కూడా ఎప్పుడూ పెట్టని నన్ను, నమ్మమంటే ఎలా అని అడుగుతున్నారు. అడగడం న్యాయమే.

"ఎందుకు చేశావమ్మా?" ఈసారి గొంతు తగ్గించి అడిగారు.

ఆపరేషను సంగతి చెప్పాను. ఎప్పుడు వచ్చింది నొప్పి అన్నారు. మార్చి పంతొమ్మిది అన్నాను.

"పంతొమ్మిదిన నువ్వు..." అని ఆగిపోయారు. కాసేపటికి, "ఫోటోలున్నాయా?" అన్నారు.

"నడిచిన ప్రతి వారానివీ ఉన్నాయి. తేదీ, సమయం కెమెరానే వేస్తుంది."

"అయితే వారం వారం ఫోటో సమయమూ, నీ పుస్తకంలో లెక్కా పక్కపక్కన రాసి శనివారం సాయంత్రానికి ఇవ్వు. ఫోటో ఉన్నది నిలుస్తుంది, లేనిది పోతుంది. ఆ పంతొమ్మిదివి కూడా కావాలమ్మా. గుడ్డు పెడుతున్న ఫోటో ఏదైనా ఉంటే ఇంజనీరు నోరు అక్కడే మూతపడుతుంది. ఉందా?"

ఉందన్నాను.

మే 1, శుక్రవారం

కంప్యూటరు ఆయన మంచం పక్కనే. వేరే చోటు లేదు.

"ఏంటోయ్ అంత పని?" అన్నారు. ఫోటోల జాబితా అన్నాను. "నువ్వు రెండు వేళ్ళతో కొట్టేసరికి తెల్లారుతుంది. నువ్వు పుస్తకం చదువు, సమయాలు నేను చూసి కొడతాను." వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. దొరికిందని చెప్పినా నమ్మరు. దిండు వీపుకి పెట్టుకుని కూర్చున్నారు.

రెండేళ్ళవి అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మధ్యలో ఆయనకిష్టమైనవి ఆపి చూశారు. "ఇది నిజంగా బాగుందోయ్. పురుగు కాదు ఇది." ఆ కెమెరా అసలు ఆయనదే, లిఫ్టు తాళ్ళ అరుగుదల ఫోటోలు తీయడానికి కొన్నది. పట్టీకి ఇంకా గ్రీజు మరక ఉంది.

చివర్న ఈ ఏడాది కార్డు పెట్టాను.

మార్చి పన్నెండు. ఆరు ఫోటోలు. కొట్టారు.

మార్చి పంతొమ్మిది.

ఆయన వరసగా, అదే గొంతుతో చదువుతూ పోయారు. "పన్నెండు పద్నాలుగు. పన్నెండు పదిహేను. పదిహేను. పన్నెండు ఇరవై. పన్నెండు ఇరవై రెండు." నలభై ఒకటీ చదివారు. ఆఖరిది పన్నెండు నలభై ఒకటి. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నేను బజారులో లేను," అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పటినుంచి. నువ్వు కాళ్ళ దగ్గర నిలబడ్డావు. మోకాళ్ళ నిండా బురద. సాక్సుల నిండా గడ్డి గింజలు. బజారులో ఎవరైనా మోకాళ్ళ మీద బేరమాడతారా?"

ఏడుపు రాలేదు.

"మరెందుకు చెప్పలేదు? నెలన్నర నుంచి నేను..."

"తెలుసు. చూస్తూనే ఉన్నా." తెర మీద ఆకుపచ్చ మరకల రెక్కలున్నాయి. ఆయన వాటిని చూస్తూ మాట్లాడారు. "నువ్వు తప్పు చేశానని అనుకుంటున్నన్నాళ్ళు ఇల్లు కదలవని తెలుసు. అందుకే ఊరుకున్నా. భయమేసిందోయ్. తలుపు వేసి నువ్వు మెట్లు దిగిన చప్పుడు విన్నా చాలు, ఇక్కడ పట్టేసినట్టయ్యేది."

"డాక్టరు నిజంగా ఏమన్నాడు?"

"మూడంతస్తులూ ఎక్కి దిగమన్నాడు. ఇంట్లో ఒక్కణ్ణే ఉండొచ్చన్నాడు."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. థర్మామీటరు ఇరవై మూడు చూపిస్తోంది. చూడకుండా ఉండలేకపోయాను.

"మొదటి ఫోను ఎందుకు చేశారు?" అన్నాను వెనక్కి తిరక్కుండా.

"టీ పొడి ఎక్కడుందని."

"రెండోది?"

"మొదటిది ఎత్తలేదని. మూడోది కోపమొచ్చి. నాలుగో దానికి తెలిసింది, ఇది టీ గొడవ కాదని."

నలభై ఒక్క సమయాలు కొట్టి ఉన్న జాబితా అచ్చు తీసి ఇచ్చారు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

మే 2, శనివారం

జాబితా టాక్సీ డ్రైవరు చేత మాస్టారింటికి పంపాను. ఫోటోలు కూడా.

ఆయన ఇవాళ గంట మోగించలేదు. నీళ్ళు తనే తెచ్చుకున్నారు. వంటింట్లోకి వచ్చి, గ్లాసు నింపుకుని, నన్ను దాటుకుని వెళ్ళారు. ఇన్నాళ్ళూ రాగలిగేవారన్నమాట. నాకు కోపం వస్తుందనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. గిన్నెలు తోముతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై మూడు రోజులు. ఏప్రిల్ మొత్తం. నాకు నేను వేసుకున్న తాళం ఒకటి, ఆయన వేసినది ఒకటి.

నావి ఆయన కంటే ఎక్కువ అబద్ధాలు. అదీ నిజమే. కోపం తగ్గలేదు.

మే 3, ఆదివారం

వదిన వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, "ఏంటి, ఉప్పూ నిప్పులా ఉన్నారు?" అంది.

"దీన్ని అడుగు," అన్నారాయన.

"ఆయన్నే అడుగు వదినా," అన్నాను.

"మీ ఇద్దర్నీ అడిగే ఓపిక నాకు లేదు. గుండె బాగుపడిందన్నమాట, పోట్లాట మొదలైంది." టీ తాగి వెళ్ళిపోయింది.

మే 4, సోమవారం

కోత ఆగింది. గుడ్డు పెట్టే ఫోటో చూసి ఇంజనీరు, "ఇంత చిన్నదా!" అన్నాడట. వేసవి ముగిసేదాకా మిగతా ఆరు ముక్కలూ ముట్టుకోడు.

నా సంగతి కూడా మాస్టారు చెప్పారు. రెండేళ్ళ లెక్క నిలుస్తుంది. ఈ ఏడాది లెక్క పోయినట్టే. వచ్చే వసంతం నుంచి గట్టు వేరేవాళ్ళకి. "నాకు ఇష్టం లేదమ్మా. కానీ నువ్వు కాక ఇంకెవరైనా చేసుంటే నువ్వే ఏమనేదానివి?"

పుస్తకం తీసి ఇచ్చేయమనేదాన్ని. అదే చెప్పాను.

"నడవద్దని ఎవరూ అనట్లేదు. గట్టు ఎవడబ్బ సొమ్మూ కాదు," అన్నారు.

మే 7, గురువారం

పదీ యాభైకి చెప్పులు వేసుకున్నాను. ఆయన వీధి గదిలో కుర్చీలో ఉన్నారు. చేతిలో పేపరు, చూపు తలుపు మీద.

"ఎప్పుడొస్తావ్?"

"అయ్యాక."

"ఫోను?"

"మోగుతుంది."

మెట్లు దిగాను. మొదటి అంతస్తులో ఆగలేదు.

మొదటి ముక్కలో ఏమీ లేవు. రెండో దాంట్లో రెండు మగవి, ఒకదాన్నొకటి తరుముకుంటూ. మొదటి ఫోను అక్కడే. "ఎక్కడున్నావ్?" "రెండో ముక్క." "సరే." మూడో దాంట్లో ఒకటి. మళ్ళీ ఫోను. "ఎండగా ఉందా?" "ఉంది." "టోపీ పెట్టుకున్నావా?" "పెట్టుకున్నాను."

నాలుగో ముక్క మాస్టారు చెప్పినట్టే ఉంది. కోసిన మొక్కలు ఎండి గోధుమ రంగుకి తిరిగాయి. అంచున, కాలవలోకి ఒరిగి, బండికి అందని మొక్కలు నాలుగో అయిదో నిలబడి ఉన్నాయి. వాటి మీద ఒక ఆడది. ఎగరడానికి ఓపిక లేనంత పాతది, రెక్కల చివర్లు చినిగాయి. మోకాళ్ళూనాను. కెమెరా ఎత్తాను.

ఫోన్ మోగింది. నిశ్శబ్దంలో పళ్ళెం పడ్డట్టు మోగింది.

అది కదల్లేదు. మీసాలైనా ఆడించలేదు. మోగినంతసేపూ పువ్వు మీద అలాగే ఉంది. అప్పుడు తెలిసింది, దానికి ఈ మోత పట్టదు. ఎప్పుడూ పట్టి ఉండదు. మూడేళ్ళుగా గట్టెక్కే ముందు ఫోన్ నోరు నొక్కింది దాని కోసం కాదు.

తెర మీద ఆయన పేరు. సంచి నా పక్కనే, చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మళ్ళీ నొక్కాను. ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, అయిదో ముక్క నడిచాను. అదే నడక, ఇటు ఐదడుగులు, అటు ఐదడుగులు. మూడు ఉన్నాయి. ఆరో దాంట్లో ఏమీ లేవు. దాని చివర నిలబడి నేనే ఫోన్ చేశాను.

మొదటి మోతకే ఎత్తారు. ఊపిరి వినపడింది.

"బాగున్నారా?"

"బాగున్నా. ఏంటి, ఎత్తలేదు? వినపడలేదా?"

"వినపడింది," అన్నాను. "ఎత్తలేదు."

కుర్చీ కిర్రుమంది. పేపరు మడిచిన చప్పుడు.

"ఎన్ని?" అన్నారు.

"ఇంకా అవలేదు. ఏడో ముక్క ఉంది."

పెట్టేసి నడిచాను.